జోలె పట్టించే జాలి

గోదావరిఖనిలో పుట్టి గోదావరిఖనిలోనే ముసలివాడైన మనిషి కోసం వెతికితే, జనగామ వంటి పాత పల్లెల వాళ్లను మినహాయించి, దొరకడం కష్టం. 1960ల మొదట్లో ఇక్కడ బొగ్గుబాయిలు తెరిచిన తర్వాత పుట్టిన పట్నం ఇది. కరువు సోకిన ఊళ్లనుంచి, అప్పులు తరిమిన ఇళ్లనుంచి, దొరల గడీల కింద బతకలేక పారిపోయి వచ్చినవాళ్లు తట్టా చెమ్మస్ పట్టి దీన్ని పట్నం చేశారు. తర్వాత ఎరువుల కర్మాగారం వచ్చింది, థర్మల్ విద్యుత్ కేంద్రం వచ్చింది, వాటితోబాటు దేశం నలుమూలలనుంచీ మనుషులు వచ్చారు. నేనూ అట్లా వచ్చినవాణ్ణే. పాఠం చెప్పి బతకడానికి ముప్ఫయ్యేళ్ల కింద ఈ ఊరు చేరాను. ఇక్కడ ఎవర్ని కదిలించినా ఒక వలస కథ వినిపిస్తుంది.

ఇటువంటి ఊళ్లో ఒక మనిషిని “బయటివాడు” అన్న కారణం చెప్పి మందులు లేకుండా తిప్పి పంపిన సంగతి మీకు చెప్పాలి. ఆ సంగతి చెప్పి కన్నీళ్లు పెట్టించడం నా ఉద్దేశం కాదు. కన్నీళ్లతో ఆగిపోయే మన అలవాటు మీదనే నా కోపం.

ఆయన హార్మోనియం వాద్యగాడు. ప్రాణహిత అవతల సిరొంచ వైపునుంచి వచ్చాడు. అది మహారాష్ట్రలో వుంది. ఆయన ఇంటి భాష తెలుగు. బాయిల్లో మొదటి షిఫ్టు దిగి వచ్చిన కార్మికులకు సాయంత్రాలు నాటకాలు నేర్పాడు. చిరుతల రామాయణం ఆడించాడు. కాలనీల్లో దసరా పందిళ్లకు, యూనియన్ల మహాసభలకు, సమ్మె శిబిరాలకు పిలిచినచోటికల్లా పెట్టె మోసుకొని వెళ్లాడు. మా సభల్లోనూ వాయించాడు. మేము ఉపన్యాసాలు దంచుతున్నప్పుడు జనం లేచిపోతుంటే, వాళ్లను మళ్లీ కూర్చోబెట్టింది ఆయన గొంతు. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడవలసిన పని లేదు. ఆయనకు మేమేం ఇచ్చామో చెప్పడానికి మాత్రం సిగ్గుపడాలి: దారిఖర్చులు, భోజనం, ఒక శాలువా.

రెండు మూత్రపిండాలూ చెడిపోయినాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయాలన్నారు. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు ఊరి సంగతులు మాట్లాడి, లేవబోతూ అన్నాడు:

“సారూ, ఒక కాయితం రాసియ్యుండ్రి.”

“ఏమని రాయమంటారు మాస్టరూ?”

“నేను పెద్ద కళాకారుణ్ణని. పెద్దోణ్ణని రాస్తెనే సాయం జేస్తరట.”

రాశాను. “ఈ ప్రాంతపు సాంస్కృతిక రంగానికి ఎనలేని సేవ చేసిన మహా కళాకారుడు” అని రాశాను. రాస్తున్నప్పుడే నా కలం నన్ను వెక్కిరించింది. మూత్రపిండం చెడినవాడికి వైద్యం కావాలంటే ముందు మహా కళాకారుడు కావాలా? ఆయన ఉత్త హార్మోనియం మాస్టరే అయితే ఆయన రక్తంలో విషం చేరదా?

ఆ కాగితం పట్టుకొని ఆయన ఒక సంస్థకు వెళ్లాడు. దాని పేరు ఇక్కడ అనవసరం. అటువంటివి చాలా వున్నాయి. ఏమేం బిరుదులు వచ్చినాయని అడిగారు. పత్రికల్లో పడిన వార్తల కత్తిరింపులు తెమ్మన్నారు. ఆయన దాచిపెట్టలేదు. చివరకు కార్డు చూపించమన్నారు. అది మరాఠీలో వుంది. “మీరు ఈ రాష్ట్రం వాళ్లు కారు గదా” అన్నారు. ఆరోగ్యశ్రీ సంగతీ అంతే. 2007లో మొదలైన ఆ పథకం పేదవాళ్ల ప్రాణాలు ఎన్నో నిలబెట్టింది. దాన్ని నేను తీసిపారెయ్యడం లేదు. కాని దాని తలుపు ఈ రాష్ట్రపు కార్డు వున్నవాడికి తెరుచుకుంటుంది. నది అవతలి కార్డు పట్టుకొని నది ఇవతల జీవితమంతా పాడినవాడు ఆ లెక్కలోకి రాడు.

తిరిగి వచ్చి నాతో అన్న మాట ఇది: “శాలువలు పదకొండు వున్నయి సారూ. అన్ని కప్పుకున్నా చలి తగ్గుతలేదు.”

మేము నలుగురం కలిసి చందా వేసుకున్నాం. ఆ డబ్బు కొద్ది వారాలు వచ్చింది. డబ్బు తీసుకునేటప్పుడు ఆయన తన హార్మోనియం తెచ్చి నా గదిలో పెట్టి వెళ్లాడు. వద్దన్నా వినలేదు. ఊరికే తీసుకోవడానికి ఆయన మనసు ఒప్పలేదు. తర్వాత కొడుకు వచ్చి నది అవతలికి తీసుకుపోయాడు. పెట్టె నా దగ్గరే వుంది.

ఇప్పుడు వాదంలోకి వస్తాను.

అదే జబ్బుతో మరొక మనిషి మన కళ్లముందే పోయాడు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య బుడగ జంగాల గాయకుడు. భార్య కొమురమ్మతో కలిసి ఊరూరా తిరిగి కథలు చెప్పి బతికాడు. 2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’ సినిమా చివర ఆ దంపతులు పాడిన పాట విని రాష్ట్రమంతా ఏడ్చింది. విడిపోయిన అన్నదమ్ములు ఆ పాట విని కలుసుకున్నారని కూడా వార్తలు వచ్చినాయి. ఆయన మూత్రపిండాలు పాడైనాయనీ, చూపు మందగించిందనీ లోకానికి తెలిసింది కూడా అప్పుడే. సినిమావాళ్లు సాయం చేశారు, ప్రభుత్వ పెద్దలు కదిలారు, హైదరాబాదుకు తీసుకుపోయి వైద్యం చేయించారు. వాళ్లలో ఎవర్నీ నేను తప్పు పట్టను. చేసినవాళ్లు మంచి పనే చేశారు. అయినా 2024 డిసెంబరు 19న ఆయన వరంగల్‌లో కన్నుమూశాడు.

నేనడిగేది ఇది. దశాబ్దాలు ఊళ్లు తిరిగి పాడిన పాటలు ఆయనకు ఒక్క మందుబిళ్ల తెచ్చిపెట్టలేదు. సినిమాలో కొన్ని నిమిషాల పాట ఆస్పత్రి తలుపు తెరిపించింది. ఆ దర్శకుడు ఆయన్ని కాక మరొకర్ని ఎంచుకొని వుంటే ఏమయ్యేది? ఆ జబ్బు ఒక సంవత్సరం ముందే ముదిరి వుంటే ఏమయ్యేది? సిరొంచ మాస్టరుకు అయిందే ఆయనకూ అయ్యేది. అంటే మనం సాయం చేసింది రోగికి కాదు, ప్రసిద్ధికి.

ప్రసిద్ధి అయినా నిలబెడుతుందా అంటే, అదీ లేదు. నాగర్‌కర్నూల్ ప్రాంతపు దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించేవాడు. 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో ఇల్లు కడుతున్నచోట కూలిపని చేస్తున్న దృశ్యం దేశమంతా చూసింది. వచ్చిన డబ్బు పిల్లల పెళ్లిళ్లకూ ఇంటికీ ఖర్చయిందనీ, నెలనెలా వచ్చే పింఛను ఆగిందనీ, మందులకే వేలు అవుతున్నాయనీ ఆయన చెప్పుకున్నాడు. వెంటనే మన మధ్యతరగతి న్యాయమూర్తులు బోనెక్కించారు: కోటి రూపాయలు ఏం చేశాడు? లెక్క చెప్పమనండి!

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో నెలనెలా జీతం, డీఏ, వైద్యఖర్చుల రీయింబర్స్‌మెంటు తీసుకునేవాళ్లే ఎక్కువ. వాళ్ల పిల్లల పెళ్లి ఖర్చుల లెక్క ఎవరూ అడగరు. జీవితమంతా చేసిన పనికి జీతం ఇవ్వకుండా, ముసలితనంలో ఒక్కసారి మూట విసిరి, ఆ మూట ఎట్లా విప్పాడో నిఘా వెయ్యడం మన ధర్మబుద్ధి. జమీందారు తృప్తి కలిగినప్పుడు కంకణం తొడిగేవాడు. కంకణం అమ్ముకు తింటే అవమానపడేవాడు. మనం కంకణం స్థానంలో చెక్కు పెట్టుకున్నాం. పద్మ పురస్కారంతో నగదు రాదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. పతకం, ప్రశంసాపత్రం మాత్రమే వస్తాయి.

అదే 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య మన బొగ్గుగనుల ప్రాంతం మనిషే, మణుగూరు దగ్గరివాడు. డోలి వాయించి కోయల ఇంటిపేర్ల చరిత్ర, సమ్మక్క సారలమ్మల కథ పాడేవాడు. ఏ పుస్తకంలోనూ లేని చరిత్ర ఆయన గొంతులో వుండేది. 2024 జూన్‌లో అనారోగ్యంతో చనిపోయాడు. ఆ నేల అడుగున ఎన్ని టన్నుల బొగ్గు వుందో లెక్కగట్టి, పటాలు గీసి, యంత్రాలు దించాం. ఆ నేలమీద ఎన్ని గొంతులు వున్నాయో, వాటి ఆరోగ్యం ఎట్లా వుందో లెక్క తీసినవాళ్లు ఎవరు?

ఇందుకు మనవాళ్లు చెప్పే జవాబులు నాకు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి జవాబు భావవాదులది. పేదరికంలోంచే గొప్ప కళ పుడుతుందనీ, సుఖపడితే కళాకారుడు చెడిపోతాడనీ అంటారు. కడుపు నిండినవాడు కడుపు మాడినవాడి గురించి చెప్పే మాట ఇది. ఆకలిలోంచి పాట పుట్టదు. ఆకలిమీద తిరుగుబాటులోంచి పుడుతుంది. తిరగబడడానికి ఒంట్లో సత్తువ కావాలి. డయాలసిస్ లేని మూత్రపిండ రోగి మహాకావ్యం చెప్పడు, చస్తాడు.

రెండవ జవాబు లెక్కలవాళ్లది. ప్రభుత్వం ఎంతమందికని ఇస్తుంది అంటారు. కొంత ఇస్తున్నారు గదా అని గుర్తు చేస్తారు. నిజమే. 60 ఏళ్లు నిండి, ఆదాయం పరిమితి లోపల వున్న కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు 6,000 రూపాయల దాకా ఇచ్చే పథకం వుంది. అంటే రోజుకు 200. దానికోసం దరఖాస్తు, ఆదాయ ధ్రువపత్రం, కళాసేవకు రుజువులు కావాలి. రుజువులు దాచుకునేది సభల్లో పాడే విద్వాంసుడు. వాకిట్లో పాడే జంగం కాదు. పథకం వుండటం వేరు, అది వాకిలిదాకా నడిచి రావడం వేరు.

ఇక పాట ఉద్యోగం ఎట్లా అవుతుందని అడిగేవాళ్లకు ఒక్కటే మాట. రాష్ట్రం వచ్చిన తర్వాత సాంస్కృతిక సారథి పేరున 550 మంది కళాకారులను జీతాలమీద తీసుకున్నారు. ప్రభుత్వ పథకాలను ప్రచారం చెయ్యడానికి పాట ఉద్యోగం కాగలిగితే, కార్మికుల వాడల్లో నాటకం నేర్పడానికి ఎందుకు కాకూడదు?

మూడవ జవాబు ప్రమాదకరమైనది; మన విద్యార్థుల్లో కూడా దానికి వినేవాళ్లున్నారు. ముందు స్థానికుల సంగతి చూడాలి, బయటివాళ్లకు వాళ్ల రాష్ట్రం వుంది గదా అంటారు. స్థానికులకు అన్యాయం జరిగిన చరిత్ర ఈ ప్రాంతానికి వుంది. ఉద్యోగాల్లో, భూముల్లో జరిగింది. దాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు, నాకూ లేదు. కాని ఆ అన్యాయం చేసింది హార్మోనియం మాస్టరు కాదు. ఆయన ఎవరి ఉద్యోగం లాక్కున్నాడు? ఏ భూమి ఆక్రమించాడు? సిరొంచ తెలుగువాళ్లను నది అవతలి రాష్ట్రానికి చేర్చినవి 1956లో గీసి, 1960లో దిద్దిన గీతలు. ఆ గీతలు గీసినప్పుడు వాళ్లను ఎవరూ అడగలేదు. వార్ధా లోయనుంచి గోదావరి లోయదాకా సాగిన బొగ్గు ఆ గీతల దగ్గర ఆగలేదు. బొగ్గు టిప్పరుకు సరిహద్దు అడ్డు లేదు, పెట్టుబడికి అడ్డు లేదు, ఓట్లడిగే నాయకుడికి అడ్డు లేదు. రోగికే అడ్డమా? భివండీ మరమగ్గాల దగ్గర, ముంబయి కట్టడాల దగ్గర, గల్ఫు ఎడారిలో మనవాళ్లే బయటివాళ్లు. అక్కడ మనవాడికి జబ్బు చేస్తే “మీ రాష్ట్రం పో” అంటే మనం ఏ ముఖం పెట్టుకొని న్యాయం అడుగుతాం?

అన్నిటికంటె పెద్ద జవాబు మన దగ్గరే వుంది. మనం దాన్ని మరచిపోయాం. బొగ్గుబాయి కార్మికుడికి ఆస్పత్రి ఎట్లా వచ్చింది? యజమానులకు జాలి పుట్టి కట్టారా? 1947లో బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. గనులనుంచి వెళ్లే బొగ్గు మీద సెస్సు వేసి, ఆ డబ్బు కార్మికుల ఇళ్లకూ వైద్యానికీ ఖర్చు పెట్టాలన్నారు. ఆ చట్టం వెనక రక్తం వుంది, సమ్మెలు వున్నాయి. 1948లో భవిష్యనిధి చట్టం వచ్చింది. ఇవాళ సింగరేణి ఉద్యోగికీ, ఆయన కుటుంబానికీ కంపెనీ వైద్యం వుంది. దిగిపోయిన కార్మికుడికి కూడా చందా కడితే వైద్యపథకం వుంది. ఆ కార్మికుడు జబ్బుపడితే “నువ్వు ఎంత గొప్ప ఫిల్లర్‌వి? నీ బిరుదులేవి?” అని అడగరు. గుర్తింపు కార్డు చూస్తారు, మంచం ఇస్తారు. హక్కు అంటే అది. దానంలో మనిషి తన గొప్ప రుజువు చేసుకోవాలి. హక్కులో మనిషి మనిషైతే చాలు.

సినిమా రంగంలోనూ ఇటువంటి ఆలోచన చట్టమైంది. 1981లో సినీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. సినిమాల మీద సెస్సు వేసి కార్మికుల వైద్యానికి నిధి పెట్టారు. తర్వాత ఆ సెస్సును ఎత్తివేశారు. ఊరి కళాకారుడికైతే ఆపాటి కేంద్ర చట్టం కూడా లేదు.

మరి ఇవాళ మన బొగ్గుగనుల ప్రాంతంలో అడగదగింది ఏమన్నా వుందా? వుంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి, ప్రతి గనుల జిల్లాలోనూ జిల్లా ఖనిజ నిధి ఏర్పాటు చెయ్యాలన్నారు. గని నడిపేవాళ్లు రాయల్టీకి అదనంగా, పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం మేరకు, ఆ నిధికి కట్టాలి. ఆ డబ్బు ఎవరిది? గనులవల్ల దెబ్బతిన్న ప్రాంతాల్లో బతికే జనానిది. అందులో కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, విద్య, వృద్ధుల సంక్షేమం వంటి ముఖ్యావసరాలకు పెట్టాలని ఆనాటి మార్గదర్శకాల్లోనే వుంది. ఆ నిధి ఉద్దేశంలో పర్మనెంటు కార్మికుడనీ, కాంట్రాక్టు కార్మికుడనీ, హార్మోనియం మాస్టరనీ తేడా లేదు. ఓపెన్‌కాస్టు దుమ్ము పీల్చేటప్పుడు ఎవరి ఊపిరితిత్తులూ మస్టరు చూపించవు. దుమ్ము అందరికీ పంచిన గని వైద్యం మాత్రం కొందరికే పంచడం ఏ న్యాయం?

ఈ ప్రశ్న కళాకారులతో ఆగిపోదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటి వుండిన పర్మనెంటు కార్మికుల సంఖ్య ఇప్పుడు సగం కంటె తక్కువకు దిగింది. కంపెనీ రోల్సు మీద లేనివాళ్లు ఈ ప్రాంతంలో పెరుగుతున్నారు. కాబట్టి కళాకారుడి హక్కు అడగడం ఒక ముద్దుబిడ్డకు ప్రత్యేకం అడగడం కాదు. రోల్సు మీద లేని సమస్త జనం తరపున అడగడం.

ఇక మన సంగతి. 1943లో ప్రజానాట్య ఉద్యమం పుట్టినప్పుడు కళాకారులు బెంగాల్ కరువు బాధితుల కోసం పాడి, ఆడి, ఊరూరా విరాళాలు పోగుచేశారు. ఇతరుల ఆకలికి జోలె పట్టిన వంశం వాళ్లది. అటువంటి కళాకారుడు తన జబ్బుకు తాను జోలె పట్టవలసి వస్తే, ఆ ఉద్యమపు వారసులమని చెప్పుకునే మనం ఏం చేస్తున్నాం? సంస్మరణ సంచిక వేస్తున్నాం. బతికున్నప్పుడు దారిఖర్చులిచ్చి పాడించుకొని, చచ్చిన తర్వాత “ప్రజాకళాకారుడు” అని బిరుదిస్తున్నాం. శ్రమకు తగిన కూలి ఇవ్వనివాడు దోపిడీదారు అని మన తరగతి గదుల్లో పాఠం చెబుతాం. ఆ పాఠం చెప్పి, సాయంత్రం సభలో గాయకుడికి శాలువా కప్పి పంపిస్తాం. ఈ నేరంలో నా వాటా నేను ఒప్పుకుంటున్నాను. పదకొండు శాలువల్లో రెండు మేం కప్పినవే.

అందుచేత మన పని మనం మొదలు పెడదాం. కళాకారుణ్ణి పిలిచే సంఘమేదైనా, యూనియనేదైనా, ముందు రేటు చెప్పి కూలి ఇవ్వాలి. సభ ఖర్చులో ఒక భాగాన్ని వైద్యనిధికి తియ్యాలి. మన ప్రాంతంలో పాడేవాళ్ల, వాయించేవాళ్ల, ఆడేవాళ్ల పేర్లు మనమే వాడవాడా తిరిగి రాయాలి. ఏ ఊళ్లో పుట్టారని కాక, ఇక్కడ ఎన్నాళ్లుగా పని చేస్తున్నారని అడిగి రాయాలి. ఆ జాబితా పట్టుకొని ఖనిజ నిధి ఖర్చు లెక్కలు అడగాలి. గనుల ప్రాంతంలో నివసించే ప్రతి మనిషికీ, కార్డు ఏ రాష్ట్రానిదైనా, వైద్యం ఇవ్వాలని అడగాలి. విద్యార్థులు చెయ్యగల పని ఇది. యూనియన్లు తమ కోర్కెల పత్రంలో చేర్చుకోవలసిన పని ఇది.

ఈలోగా చందాలు మానెయ్యమని నేననను. ఈ రాత్రి డయాలసిస్ కావలసినవాడికి సిద్ధాంతం వినిపించేవాడు మూర్ఖుడు. చందా వెయ్యండి, రక్తం ఇవ్వండి, ఆస్పత్రి దగ్గర రాత్రి కాపలా కాయండి. కాని చందా వేసి ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోకండి. చందా డబ్బు అయిపోయేసరికి మా మాస్టరును ఎడ్లబండిమీద బస్తా ఎత్తినట్లు ఎత్తి నది దాటించవలసి వచ్చింది.

రేపు మరొకరు వచ్చి “సారూ, నేను పెద్దోణ్ణని రాసియ్యుండ్రి” అంటే నేను రాయను. “ఇతను ఇక్కడ పని చేశాడు. ఇతనికి జబ్బు చేసింది” అని మాత్రం రాస్తాను. ఆ రెండు వాక్యాలకు విలువ లేని చోట ఆ విలువ తేవడమే మన పని.